ఆటోనగర్‌లో కారు సీడీ ప్లేయర్ రిపేరు: మార్చేయమన్న సెట్టు మళ్ళీ పాడుతోంది

కార్లో డ్యాష్‌బోర్డులోనే కంపెనీవాళ్ళు ఇచ్చిన సీడీ ప్లేయర్ పాడైతే ఇప్పుడు రిపేరు చేసేవాళ్ళు దొరుకుతారా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, దొరుకుతారు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, మా నాన్నగారి కారు సెట్టు ఆయన దగ్గరే చేయించాను, ఈ రివ్యూ ఆ పని గురించే. షాపు పేరు రాయట్లేదు, ఆయనే వద్దన్నారు, ఒక్క చేత్తో చేసుకునే పని కదా జనం ఎక్కువైతే హడావిడిలో సరిగ్గా చెయ్యలేను బాబూ అన్నారు. వంద అడుగుల రోడ్డు వైపు కారు వైరింగ్ చేసేవాళ్ళని ఎవర్నడిగినా "స్టీరియో మాస్టారా" అని చూపిస్తారు. రేటింగ్ ఇవ్వమంటే అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తాను.

ముందు కారు సంగతి. 2009 మోడల్ సెడాన్. అందులో స్టీరియో విడిగా బిగించింది కాదు, ఏసీ నాబ్‌లు, స్టీరియో అన్నీ కలిపి ఒకే ప్యానెల్‌లో వచ్చినవి. కాబట్టి దాన్ని పీకేసి వేరేది పెట్టాలంటే దానికి సరిపడే ఫ్రేము కావాలి, స్టీరింగ్ మీద ఉన్న వాల్యూమ్ బటన్లు పనిచెయ్యాలంటే ఇంకో అడాప్టర్ కావాలి, వైర్లు కట్ చెయ్యకుండా ఉండాలంటే కప్లర్ కావాలి, ఇదంతా పెట్టాక కూడా ప్యానెల్ చుట్టూ సందులు కనిపిస్తాయి. పైగా నాన్నగారి దగ్గర ఉన్నవన్నీ సీడీలే. అందులో కొన్ని బయట ఎక్కడా దొరకవు, మా తాతయ్య హార్మోనియం వాయిస్తూ నాటక పద్యాలు పాడినవి ఎప్పుడో క్యాసెట్లో రికార్డు చేస్తే వాటిని తర్వాత సీడీల్లోకి ఎక్కించుకున్నారు. ఆయనకి అవి కార్లో వింటేనే తృప్తి. ఇంట్లో సిస్టమ్ ఉన్నా పెట్టరు.

కంప్లైంట్ ఏంటంటే, సీడీ పెడితే లోపలికి తీసుకుంటుంది, కాసేపు గుర్రుమని శబ్దం వస్తుంది, తర్వాత డిస్‌ప్లే మీద ఎర్రర్ అని వచ్చి బయటికి తోసేస్తుంది. పొద్దున్నే అయితే కొన్నిసార్లు పాడేది, మధ్యాహ్నం ఎండలో పార్క్ చేసి వచ్చాక అస్సలు పాడేది కాదు. కొన్న సీడీలు అప్పుడప్పుడు పాడేవి, ఇంట్లో రైట్ చేసినవి ఒక్కటి కూడా పాడేది కాదు. పాడినా కరకట్ట రోడ్డు మీద చిన్న గతుకు వస్తే చాలు పాట ఎగిరిపోయేది. రేడియో మాత్రం శుభ్రంగా వస్తుంది, సౌండ్‌లో ఏ తేడా లేదు.

ఈ లక్షణాలన్నీ చెప్పి ఊళ్ళో ఒక పెద్ద యాక్సెసరీస్ షాపులో అడిగితే సెట్టు వైపు చూడకుండానే "సార్ సీడీలు ఇప్పుడెవరు వింటున్నారు, ఆండ్రాయిడ్ సెట్ పెట్టించెయ్యండి, రివర్స్ కెమెరా కూడా వస్తుంది" అన్నారు. లోపల ఏం పోయింది అంటే "మొత్తం పోయింది సార్" అన్నారు. మొత్తం పోతే రేడియో ఎలా వస్తుంది? ఆంప్లిఫయర్, పవర్ సప్లై, డిస్‌ప్లే అన్నీ బాగున్నట్టేగా, పోయింది ఆ సీడీ మెకానిజం ఒక్కటే. ఇంత చిన్న విషయం కస్టమర్‌కి చెప్పకుండా ఇరవై వేల సెట్టు అంటగట్టాలని చూడటం నాకు చాలా బాధేసింది. ఆండ్రాయిడ్ సెట్ కావాలనుకున్నవాళ్ళు పెట్టించుకోవచ్చు, అది మంచిదే, కానీ ఉన్నదానికి ఏమైందో తెలుసుకునే హక్కు డబ్బు కట్టేవాడికి ఉంది.

మాస్టారి దగ్గర తేడా అక్కడే తెలిసిపోయింది. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు ఆయన ప్రశ్నలు అడిగారు. సీడీ లోపలికి పోతోందా, బయటికి వస్తోందా, లోపల తిరుగుతున్న చప్పుడు వస్తోందా, మొదటి పాట నుంచే ఆడట్లేదా లేక చివర పాటల దగ్గర ఆగుతోందా, సీడీ మింగేటప్పుడు డిస్‌ప్లే లైటు డిమ్ అవుతోందా, బ్యాటరీ ఈమధ్య మార్చారా. ఒక్కో జవాబుకి ఒక్కో అనుమానం తీసేసుకుంటూ వచ్చారు. నేను ఎందుకు అడుగుతున్నారని అడిగితే విసుక్కోకుండా చెప్పారు, అందుకే నాకు ఇంత రాయగలిగే విషయం దొరికింది.

ఉదాహరణకి ఆ మొదటి పాట, చివరి పాట ప్రశ్న. గ్రామఫోన్ రికార్డు బయట అంచు నుంచి లోపలికి చదువుతుంది, సీడీ దానికి రివర్సులో లోపలి నుంచి బయటికి చదువుతుంది. ఏ పాట ఎక్కడుంది అనే జాబితా మొత్తం మధ్య రంధ్రానికి దగ్గర్లో ఉంటుంది. ప్లేయర్ ముందు ఆ జాబితా చదవాలి, అది చదవలేకపోతే సీడీనే గుర్తుపట్టదు, ఎర్రర్ వేసి బయటికి తోసేస్తుంది. అలా అయితే అనుమానం లెన్సు మీదికి, లేజరు మీదికి పోతుంది. అదే మొదటి పాటలు బాగా పాడి చివరి పాటల దగ్గర గీసుకుంటూ ఆగిపోతే జాబితా చదివినట్టే కదా, అప్పుడు లెన్సుని బయటి అంచు వైపు జరిపే పళ్ళచక్రాలో, అది జారే రాడ్డు మీద గ్రీజు ఎండిపోవడమో, లేదా ఆ సీడీ అంచు మీద గీతలో. సీడీ అసలు లోపలికే పోకపోతే లెన్సు జోలికి వెళ్ళక్కర్లేదు, రబ్బరు రోలర్లు, లోడింగ్ మోటారు చూసుకోవాలి. ఇంత చిన్న లాజిక్ తెలిస్తే సగం మోసాలు మన దగ్గర జరగవు.

తర్వాత ఆయన తన దగ్గరున్న సీడీలు తీశారు. పరీక్షకని విడిగా పెట్టుకున్నవి. ఒకటి కంపెనీది కొత్తగా ఉన్న ఆడియో సీడీ, ఒకటి రైట్ చేసిన సీడీ-ఆర్, ఒకటి ఎంపీ3లు ఎక్కించింది, ఇంకొకటి కావాలనే గీతలు పెట్టింది. మన సీడీలతో టెస్ట్ చెయ్యరు, ఎందుకంటే తప్పు సీడీదా సెట్టుదా అనేది ముందు తేలాలి. కంపెనీ సీడీ రెండోసారికి ఎక్కింది, సీడీ-ఆర్ ఎక్కలేదు. దీనికి కారణం ఉంది. కంపెనీలో ముద్రించిన సీడీ వెలుగుని బాగా వెనక్కి కొడుతుంది, రైట్ చేసింది అంతకన్నా కొంచెం తక్కువ, మళ్ళీ మళ్ళీ రైట్ చేసుకునే ఆర్‌డబ్ల్యూ అయితే మరీ తక్కువ. లెన్సు మసకబారినా లేజరు వీకైనా ముందు దెబ్బతినేది ఆర్‌డబ్ల్యూ, తర్వాత సీడీ-ఆర్, చివరికి కంపెనీ సీడీ. మాది ఆ మధ్య దశలో ఉందన్నమాట.

సెట్టు ఇంకా బయటికి తియ్యకముందే వోల్టేజి చూశారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజన్ ఆన్‌లో 14 దగ్గర ఉండాలి, మాకు సరిగ్గానే ఉంది. ప్యానెల్ వదులు చేశాక సెట్టు వెనక కప్లర్ దగ్గర కూడా మల్టీమీటర్ పెట్టి సీడీ లోపలికి మింగే క్షణంలో రీడింగ్ ఎంత పడుతోందో చూశారు. ఆ క్షణంలోనే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎర్త్ వైరు లూజుగా ఉంటే అక్కడ వోల్టేజి పడిపోయి సెట్టు కంగారుపడి ఎర్రర్ చూపిస్తుంది, లోపల ఏమీ పాడవకుండానే. బయట మార్కెట్ సెట్లలో మామూలుగా పసుపు వైరు డైరెక్ట్ బ్యాటరీది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తాళం తీసినప్పుడల్లా గడియారం, రేడియో స్టేషన్లు చెరిగిపోతుంటే పసుపు వైరు లైనో దాని ఫ్యూజో చూడాలి, అసలు ఆన్ కాకపోతే ఎరుపు వైరు వైపు చూడాలి. కంపెనీ సెట్లకి రంగులు వేరుగా ఉంటాయి కాబట్టి రంగు చూసి కాదు, మీటరు పెట్టి చూడాలి అని గట్టిగా చెప్పారు. ఫ్యూజు పోతే ఎంత యాంపియర్ది పోతే అంతదే వెయ్యాలి, ఎర్రది 10, నీలంది 15, పసుపు పచ్చది 20. ఎక్కువది వేస్తే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది.

బ్యాటరీ తీసేముందు ఆయన అడిగిన ఇంకో మాట అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. "కోడ్ కార్డు ఉందా?" అని. చాలా కంపెనీ సెట్లకి దొంగతనం కాకుండా ఒక కోడ్ ఉంటుంది, బ్యాటరీ పీకి మళ్ళీ పెడితే ఆ కోడ్ అడుగుతుంది, అది లేకపోతే బాగున్న రేడియో కూడా మూగబోతుంది. మా కార్డు మాన్యువల్ పుస్తకం సంచిలోనే ఉంది. మీది ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి.

సెట్టు బయటికి తియ్యడం దగ్గరే ఆయన టైము ఎక్కువ తీసుకున్నారు. ప్లాస్టిక్ ముక్కలతోనే క్లిప్పులు వదులు చేశారు, ఇనుప స్క్రూడ్రైవర్ డ్యాష్‌బోర్డుకి తగలనివ్వలేదు, గేరు లివరు చుట్టూ గుడ్డ చుట్టారు. అయినా ఏసీ నాబ్ వెనకాల ఒక క్లిప్పు విరిగింది. పదిహేనేళ్ళు దాటిన ప్లాస్టిక్, మన ఎండలకి పెళుసుబారిపోతుంది. విరిగిందని ఆయనే చూపించి చెప్పారు, దాచలేదు, చిన్న ఫోమ్ ముక్క పెట్టి బిగించారు, ఇప్పుడు కదలట్లేదు. నేను తగ్గించిన అర మార్కులో కొంత దీనికే.

ఇక అసలు ఘట్టం. పై మూత తీసి సీడీ పెట్టి పక్కనుంచి చూడమన్నారు, లెన్సులోకి నేరుగా చూడొద్దని ముందే హెచ్చరించారు, సీడీ లేజరు 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి దాదాపు కనపడదు కాబట్టి వెలుగు లేదనుకుని కళ్ళు దగ్గర పెట్టేస్తాం, అది ప్రమాదం. పక్కనుంచి చూస్తే బఠాణీ గింజంత లెన్సు పైకీ కిందకీ మెల్లగా ఊగుతోంది, డిస్కు తిరగడం మొదలై సర్దుకోకుండానే ఆగిపోతోంది. అంటే లెన్సుని పైకీ కిందకీ ఊపే ఫోకస్ కాయిల్ బాగుంది, డిస్కుని తిప్పే మోటారు బాగుంది, రిబ్బన్ కేబుల్ తెగలేదు, కానీ డిస్కు నుంచి తిరిగొచ్చే వెలుగు సరిపోవట్లేదు. సీడీ మీద ట్రాకు చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, అంత సన్నటి దారిలో నడవాలంటే వెలుగు శుభ్రంగా తిరిగి రావాలి కదా.

ఆయన ఇయర్ బడ్‌కి ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక్క చుక్క తగిలించి, విదిలించి, లెన్సు మీద అసలు బరువు పడకుండా మధ్యనుంచి అంచుకి తిప్పారు. లెన్సు నాలుగు వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, గట్టిగా నొక్కితే అవి వంగి పనికిరాకుండా పోతుంది. బడ్ పైకి తీసి చూపించారు. దూది కొస పసుపు, గోధుమ రంగు కలిసిన మరకతో జిగటగా ఉంది. దుమ్ము అయితే బూడిద రంగులో పొడిగా వస్తుందట. "ఇది దుమ్ము కాదు బాబూ, మీ కార్లో అగరొత్తులు వెలిగిస్తారా?" అని అడిగారు. నాన్నగారు రోజూ పొద్దున్న డ్యాష్‌బోర్డు మీద వినాయకుడికి రెండు అగరొత్తులు వెలిగించి, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని బయల్దేరతారు. సీడీ పెట్టే సందు ఆ అగరొత్తుల స్టాండుకి జానెడు దూరంలోనే ఉంది. పొగ పట్టిన లాంతరు గ్లాసులా అయిపోయింది లెన్సు. దీనికి తోడు డ్యాష్‌బోర్డు మెరవాలని కొట్టే సిలికాన్ స్ప్రే. ఈ రెండూ కలిస్తే లెన్సు మీద పొర కడుతుంది, గుడ్డతో తుడిచినా, ఊదినా పోదు.

మన దగ్గర కార్లకి ఇది ప్రత్యేకమైన జబ్బు అనుకుంటా, ఏ మాన్యువల్లోనూ రాసి ఉండదు. పూజ మానెయ్యమని ఆయన అనలేదు, నేనూ అనను. అగరొత్తి వెలిగించేటప్పుడు అద్దాలు దించి ఏసీ ఆపండి, స్టాండు సీడీ సందుకి దూరంగా జరపండి, పాలిష్ స్ప్రే డైరెక్ట్‌గా కొట్టకుండా గుడ్డకి కొట్టి తుడవండి, అంతే అన్నారు. నాన్నగారు కూడా వెంటనే ఒప్పుకున్నారు.

చాలామంది ఇంట్లోనే లెన్సు తుడుద్దామని శానిటైజర్ వాడతారు, అది వద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ కలుస్తాయి, ఆరాక మళ్ళీ పొర మిగులుతుంది. సెంటు అసలే వద్దు. బ్రష్ ఉన్న క్లీనింగ్ సీడీలు అమ్ముతారు కదా, ఇంట్లో ట్రే ఉన్న ప్లేయర్‌కి పొడి దుమ్ము పోవడానికి సరే, కానీ కారు సందులోంచి మింగే సెట్లకి ఆయన వాటిని వద్దనే అంటారు, బ్రష్ రోలర్ల మధ్య నలుగుతుంది, లెన్సుకి అడ్డదిడ్డంగా తగులుతుంది, జిగట పొర ఎలాగూ పోదు. ఇంకో ముఖ్యమైన విషయం, పికప్ (లెన్సు, లేజరు కలిసి ఉండే భాగం) పక్కనే ఒక చిన్న ప్రీసెట్ స్క్రూ ఉంటుంది, వీడియోలు చూసి దాన్ని తిప్పేస్తుంటారు. తిప్పితే లేజరుకి కరెంటు పెరిగి అప్పటికి పాడుతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్ళిపోతాడు, కొన్నాళ్ళకి లేజరు వెలుగునిచ్చే డయోడు కాలిపోయి ఇక దేనికీ పనికిరాదు. మాస్టారు మా సెట్టులో దాని మీద పెయింటు సీలు చెదరలేదని చూపించి, "ఎవరూ వేలు పెట్టలేదు, అదృష్టం" అన్నారు. నేను ఆయన్ని నమ్మడానికి ఈ ఒక్క మాట చాలు, తిప్పేసి తేలిగ్గా డబ్బు తీసుకోగలిగి కూడా తిప్పని మనిషి.

మధ్యాహ్నాలు పాడకపోవడం సంగతి కూడా తేల్చారు. లేజరు డయోడు వేడెక్కితే అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది, వయసైన డయోడు అయితే ఇంకా ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. కొన్ని పికప్‌ల మీద స్టిక్కరుపై ఎంత కరెంటు తీసుకోవాలో రాసి ఉంటుంది, దానికన్నా బాగా ఎక్కువ తీసుకుంటుంటే డయోడు చివరి దశ అని లెక్క. మాది కొద్దిగా ఎక్కువే తీసుకుంటోంది, "ఇంకా కొంతకాలం లాగుతుంది, కానీ కొత్తది అని చెప్పను" అన్నారు. పికప్ మార్చమని ఒత్తిడి చెయ్యలేదు, చివరికి దొరక్కపోతే ఇబ్బంది కాబట్టి ఈలోగా దానికి సరిపడే పికప్ ఎక్కడన్నా కనిపిస్తే తీసిపెడతానన్నారు.

మిగతావి త్వరగా అయిపోయాయి. రాడ్డు మీద గట్టిపడిన పాత గ్రీజు తుడిచి ప్లాస్టిక్‌కి పడే గ్రీజు సన్నగా రాశారు, లోడింగ్ రోలర్లు జారుతున్నాయని ఐపీఏతో తుడిచి గరుకు తెప్పించారు, మెకానిజం వేలాడే రబ్బరు డ్యాంపర్లు నాలుగూ కారలేదని చూశారు. ఆ డ్యాంపర్లలో చిక్కటి నూనె ఉంటుంది, అది కారిపోతే లెన్సు ఎంత శుభ్రంగా ఉన్నా గతుకులకి పాట ఎగిరిపోతుంది.

నేను అక్కడ కూర్చున్నప్పుడే ఒక ట్యాక్సీ వచ్చింది, సీడీ లోపలికి పోవట్లేదని. ఊడదీస్తే లోపల పదిరూపాయల బిళ్ళ ఒకటి, దాని పక్కన ఉబ్బి సగం ఊడిన పేపరు లేబుల్ ఉన్న సీడీ ఒకటి. పెళ్ళి సీడీల మీద అందంగా ఫొటో స్టిక్కర్లు అంటిస్తారు చూడండి, అవి కార్లో పెట్టకూడదు, వేడికి జిగురు కరిగి లేబుల్ లేచి రోలర్లకి చుట్టుకుంటుంది. సీడీ ఇరుక్కుంటే కత్తులు, పట్టకార్లు దూర్చొద్దని, ముందు ఎజెక్ట్ బటన్ నొక్కి పట్టుకుని చూడమని, రీసెట్ రంధ్రం ఉంటే పిన్నుతో నొక్కమని, అప్పటికీ రాకపోతే ఊడదియ్యడమే దారని ఆ డ్రైవరన్నకి చెప్తుంటే విన్నాను. చిన్న సైజు 8 సెంటీమీటర్ల సీడీలు కూడా సందు సెట్లలో పెట్టకూడదు, లోపలే ఉండిపోతాయి.

సీడీల గురించి కూడా ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. తుడిస్తే మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. ట్రాకు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అదే దారిలో గీత పడితే ఒకేచోట బోలెడు డేటా పోతుంది, అడ్డంగా పడ్డ గీతైతే ఒక్కో చుట్టులో కొంచెం కొంచెమే పోతుంది. ఒకేచోట రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా సీడీలో ఉన్న ఎర్రర్ కరెక్షన్ సరిదిద్దేస్తుంది, అంతకుమించితే కష్టం. ఇంకొకటి, మనం మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటాం కానీ బొమ్మ ఉన్న వైపు గీత పడితేనే ఎక్కువ నష్టం, డేటా పొర ఆ పక్కనే పల్చటి లక్క కింద ఉంటుంది, అటు చెక్కుకుపోతే ఇక ఏ పాలిష్ పెట్టినా రాదు. ఇంట్లో రైట్ చేసినవి డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలెయ్యొద్దు, రంగు పొర దెబ్బతింటుంది. మా తాతయ్య సీడీలు చూసి "ముందు వీటిని కంప్యూటర్లోకి ఎక్కించి రెండు చోట్ల దాచండి, సెట్టు పోతే ఇంకోటి తేగలం, ఇవి పోతే ఎవరు తెస్తారు" అన్నారు. ఆ పని ఆయన అమ్మేది కాదు, దాంట్లో ఆయనకి రూపాయి రాదు. ఆ వారమే ఎక్కించేశాను. ఒక సీడీలో చివరి రెండు పద్యాలు అప్పటికే చదవలేని స్థితిలో ఉన్నాయి.

ఫలితం ఏంటంటే, కంపెనీ సీడీలు, సీడీ-ఆర్‌లు, ఎంపీ3 డిస్కులు అన్నీ మొదటిసారికే ఎక్కుతున్నాయి. కరకట్ట మీద అవనిగడ్డ దాకా వెళ్ళొచ్చాం, పెద్ద గుంత వస్తే తప్ప పాట ఎగరట్లేదు. ఆర్‌డబ్ల్యూ డిస్కులు మాత్రం తీసుకోవట్లేదు, అది ముందే చెప్పారు. బాగా ఎండలో నిలబెట్టిన రోజు కారు చల్లబడేదాకా ఆగి పెడుతున్నాం. రిపేరుకి తీసుకున్నది తొమ్మిది వందలు, పనికి నెల గ్యారంటీ. యాక్సెసరీస్ షాపు చెప్పిన రేటు ముందు ఇదెంత.

మైనస్‌లు కూడా రాయాలి. కూర్చోడానికి చోటు లేదు, పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు, గ్రైండర్ మోతకి తలనొప్పి వస్తుంది. ఫోన్ ఎత్తరు. పొద్దున ఇచ్చిన కారు చీకటి పడ్డాక ఇచ్చారు, మధ్యలో ఎంతసేపు పడుతుందంటే సరైన జవాబు రాదు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బందే, ముఖ్యంగా చిన్నపిల్లలతో వస్తే.

మీ సెట్టు లోపలికి నీళ్ళు చేరినా, మెయిన్ బోర్డు మీద ఐసీ చిప్పు కాలినా ఆయన చూసి వద్దనే చెప్తారు, అలాంటప్పుడు స్క్రాపు దుకాణాల్లో అదే మోడల్ సెట్టు వెతకమంటారు. అలా కొనేటప్పుడు బిల్లు తీసుకోండి, కోడ్ తెలిసిన సెట్టేనా అని అక్కడే పవర్ ఇచ్చి చూపించమనండి, లాక్ పడిన సెట్టు తెచ్చుకుంటే మళ్ళీ అదో తలనొప్పి, పైగా అది ఎవరి కార్లోంచి పీకిందో తెలియదు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, కోడ్ కార్డు, ఆడుతున్న సీడీ ఒకటి, ఆడని సీడీ ఒకటి తీసుకెళ్ళండి. ఆరు సీడీల ఛేంజర్ ఉన్న సెట్లు ఆయన అన్నీ తీసుకోరు, మోడల్ ఫొటో చూపించి అడిగాకే కారు వదలండి.